ఎవరూ నడవని వరుసలు



పోయిన నెల మీటింగులో మన కుటుంబ సహాయ నిధి కొత్త నియమాల పుస్తకం గురించి మాట వచ్చింది. పుస్తకం బాగా వచ్చింది, అచ్చుకి పంపిద్దాం అన్నారు పెద్దలు. పంపే ముందు ఒకసారి నడిపి చూద్దాం అన్నాం మేము. "నియమాలను నడిపేదేందండీ, అదేమన్నా రైలా?" అని ఒకరు అన్నారు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాం. కానీ మనసులో ఉన్నది అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చినాక కూడా అదే ఆలోచన. అందుకని ఇక్కడ రాస్తా ఉన్నాం. కొంచెం పొడుగవుతుంది. కాఫీ తాగుతా నిదానంగా చదవండి.

ఎప్పటి మాదిరే ముందు ఒక మాట. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది రిటైరైన తర్వాతే, మన సంఘం ఆదివారం తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చొని. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. తప్పులుంటే మన్నించండి. ఈ క, గ సంగతి కింద మళ్ళీ వస్తుంది. ఇంకొకటి, ఇంటి మాట చెప్పే చోట మేము అంటే మా ఇంట్లో ఇద్దరం. ఆఫీసు మాట చెప్పే చోట మేము అంటే ఆ సెక్షన్లో కూర్చున్న గుమాస్తాలం.

మా అమ్మాయి బెంగళూరులో ఒక కంపెనీలో పని చేస్తుంది. కంప్యూటరు పని అని తప్ప ఇన్నేళ్ళు మాకు ఇంకేమీ తెలీదు. ఎవరన్నా అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పి ఊరుకునేవాళ్ళం. పోయిన ఎండాకాలం పిల్లాడితో మా ఇంట్లో మూడు నెలలు ఉండింది. కాన్పు సెలవు అయిపోయినాక ఇంటి నుంచే పని. పిల్లాడు నిద్రపోయినాక రాత్రి పది గంటలకు హాల్లో కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచేది. మాకు నిద్ర పట్టే వయసు కాదు గదా, మేమూ పక్కన కూర్చునేవాళ్ళం.

"ఇంత రాత్రి ఏం చేస్తుండావు పాపా?" అని అడిగితే, "డ్రైవర్‌కి కవరేజ్ తీస్తుండా నాయనా" అంది.

డ్రైవర్ అంటే మాకు ఇంజను డ్రైవరే. ఇప్పుడు లోకో పైలట్ అంటారు. కవరేజ్ అంటే మా ఇంటావిడ లెక్కలో ఫోను సిగ్నలు. ఇద్దరికీ రెండు మాటలూ తెలుసు, సంగతి మాత్రం అర్థం కాలేదు. అమ్మాయి ఓపికగా చెప్పింది. ఒక్క రాత్రిలో కాదు, నెల రోజులు పట్టింది. మాకు అర్థమైనంత మీకు చెప్తాం.

కంప్యూటర్లో అన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాము పేరు కెర్నల్. మెమరీ ఎవరికెంత, ప్రాసెసర్ ఎవరికెప్పుడు అని పంచి పెట్టేది అదే. కీబోర్డు, డిస్కు, ప్రింటరు, నెట్‌వర్కు కార్డు, ఇట్లా ఒక్కొక్క పరికరంతో మాట్లాడేందుకు దానికి ఒక్కొక్క ప్రోగ్రాము ముక్క కావాలి. ఆ ముక్కనే డివైస్ డ్రైవర్ అంటారు. మా అమ్మాయి చూసేది ఒక నెట్‌వర్కు కార్డు డ్రైవర్, లినక్స్ అనే కెర్నల్ కోసం. లినక్స్‌ను 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టినాడు. మీరు ఇది చదివేది ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే దాని అడుగున ఉండేదీ అదే. ఆ లినక్స్ మొత్తం రాతలో సగానికి పైగా డ్రైవర్లే.

మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే ఆగిపోతుంది, మళ్ళీ తెరుచుకోవచ్చు. డ్రైవర్ కెర్నల్ లోపలే కూర్చొని ఉంటుంది కాబట్టి అది తప్పు చేస్తే మిషను మొత్తం పడిపోవచ్చు. తప్పులు ఎక్కువగా ఉండేదీ అక్కడే. 2001లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లినక్స్ రాతను పరిశీలించి, మిగతా కెర్నల్ కన్నా డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువ అని చూపించినారు.

ఒక రాత్రి అమ్మాయి స్క్రీను మా వైపు తిప్పింది. డ్రైవర్ రాత వరుస వరుసగా ఉంది. కొన్ని వరుసలకు నీలం రంగు, కొన్నిటికి నారింజ ఎరుపు. ప్రతి వరుసకూ ఎడమ పక్కన ఒక అంకె. ఒకదాని పక్కన నలభై వేలు, ఒకదాని పక్కన పన్నెండు, ఎర్ర వాటి పక్కన సున్నా.

మా ఇంటావిడ వెంటనే అడిగింది. "ఎర్రవన్నీ తప్పులా పాపా?"

"కాదమ్మా. అవి తప్పో ఒప్పో ఎవరికీ తెలీదు. ఇంతవరకు ఎవరూ నడవని వరుసలు."

అప్పుడు మాకు అర్థమైంది. రైల్వేలో వానాకాలం రాత్రుల్లో పెట్రోల్‌మ్యాన్ అని ఒకరు పట్టాల వెంట నడుస్తారు. చేతిలో దీపం, సంచిలో డెటోనేటర్లు, ఒక పెట్రోల్ పుస్తకం. తన బీటు చివర పక్క బీటు మనిషిని కలిసి పుస్తకాలు మార్చుకోవాలి, స్టేషన్లో మాస్టరు సంతకం పెట్టాలి. తెల్లారి ఆ పుస్తకం చూస్తే ఏ ముక్క మీద మనిషి నడిచినాడో, ఏ ముక్క మీద నడవలేదో తెలుస్తుంది. అమ్మాయి తీసే కవరేజ్ కూడా అట్లాంటి పుస్తకమే. టెస్టు నడిపినప్పుడు డ్రైవర్లో ఏ వరుస ఎన్నిసార్లు నడిచిందో చెప్పే లెక్క.

ఆ లెక్క తీసే విధానం కూడా చెప్పింది. రాసిన ప్రోగ్రామును మిషను భాషలోకి మార్చే కంపైలర్ ఉంటుంది. ఇక్కడ వాడేది జీసీసీ. దారి చీలే చోటల్లా ఒక చిన్న లెక్కపెట్టె పెట్టమని దానికి చెప్తారు. ప్రోగ్రాము ఆ చోటు దాటిన ప్రతిసారీ పెట్టెలో అంకె ఒకటి పెరుగుతుంది. ఈ పద్ధతికి జీకావ్ అని పేరు. మామూలు ప్రోగ్రాము అయితే పని ముగించి పోయేటప్పుడు ఆ అంకెలన్నీ ఒక ఫైల్లో రాసి పోతుంది. కెర్నల్‌కి ఆ ముగింపు లేదు. మిషను ఆన్‌లో ఉన్నంతసేపూ అది నడుస్తానే ఉంటుంది. మరి అంకెలు ఎప్పుడు రాసేది? దీనికోసం 2009లో లినక్స్ 2.6.31లో ఒక ఏర్పాటు చేర్చినారు. ఐబీఎంలో పని చేసే పీటర్ ఒబర్‌పార్లైటర్ అనే ఇంజనీరు రాసింది. లెక్కపెట్టెలు మెమరీలోనే ఉంటాయి. కెర్నల్ నడుస్తా ఉండగానే డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ఒక కిటికీలోంచి వాటిని ఫైళ్ళ మాదిరి చదువుకోవచ్చు. కొత్త టెస్టు మొదలుపెట్టే ముందు అన్నిటినీ ఒకేసారి సున్నా చేసుకోవచ్చు కూడా.

కెర్నల్ మొత్తానికి లెక్కపెట్టెలు పెట్టొచ్చు గానీ అది బరువెక్కి నెమ్మదిస్తుందంట. అందుకని తన డ్రైవర్ ఉన్న చోట మాత్రం పెట్టమని ఒక్క వరుస రాసుకుంటుంది. తర్వాత టెస్టు మిషనులో డ్రైవర్‌ను ఎక్కించడం, కార్డుతో పని చేయించడం, డ్రైవర్‌ను దించడం. దించేసినాక కూడా దాని లెక్కను కెర్నల్ దాచి పెడుతుంది. పోయేటప్పుడు నడిచే వరుసలూ లెక్కలోకి రావాలి గదా. ఆ ఫైళ్ళను తన మిషనుకి తెచ్చుకొని ఎల్‌కావ్ అనే దాంట్లో వేస్తే ఈ నీలం, ఎరుపు పేజీలు వస్తాయి.

ఇందులో ఒక కష్టం ఉంది. టెస్టు మధ్యలో మిషను పడిపోతే లెక్కలూ పోతాయి, మెమరీలో ఉన్నవే కాబట్టి. ఏ వరుస మీద పడిందో చూడాలని ఆత్రంగా ఉన్న రాత్రే పుస్తకం చేతికి రాదు.

సరే, ఆ ఎర్ర వరుసలు ఏవి? వాటిలో కొన్ని మా అమ్మాయి దగ్గర లేని వేరే రకం కార్డుల కోసం రాసినవి. వాటిని నడపాలంటే ఆ కార్డు కావాలి, లేదా కార్డు మాదిరి నటించే ప్రోగ్రాము కావాలి. ఎర్రవాటిలో ఎక్కువ భాగం మాత్రం చెడ్డ రోజు కోసం రాసిపెట్టినవి. మెమరీ అడిగితే లేదన్నప్పుడు ఏం చేయాలి? కార్డు బదులు పలక్కపోతే? సగం పని అయినాక ఎవరో కార్డు పీకేస్తే? డ్రైవర్ మొదలయ్యేటప్పుడు వరుసగా నాలుగు పనులు చేస్తుంది అనుకోండి. నాలుగోది కుదరకపోతే మూడోది విప్పాలి, తర్వాత రెండోది, తర్వాత ఒకటోది, తిరుగు వరుసలో. ఆ విప్పే వరుసలు అన్ని డ్రైవర్లలోనూ ఉంటాయి. మంచి రోజున అవి నడవవు. టెస్టులన్నీ మంచి రోజునే నడుపుతారు.

వాటిని నడపాలంటే చెడ్డ రోజును మనమే తేవాలి. దానికీ లినక్స్‌లో ఏర్పాటు ఉంది. మెమరీ అడిగితే కావాలనే లేదు అనమని కెర్నల్‌కి చెప్పొచ్చు. మొదటిసారి అడిగినప్పుడు లేదను. మళ్ళీ మొదటి నుంచి నడిపి ఈసారి రెండోసారి అడిగినప్పుడు లేదను. తర్వాత మూడోసారి. ఇట్లా ఒక్కొక్క చోటా కాలు అడ్డం పెట్టుకుంటా పోవచ్చు.

ఒక రాత్రి అమ్మాయి అదే చేస్తా ఉంది. ఒకటి, రెండు, మూడు బాగానే పోయినాయి. ఎర్ర వరుసలు ఒక్కొక్కటే నీలమవుతా ఉంటే మా ఇంటావిడకి చూడ ముచ్చటగా ఉండింది, ముగ్గు నింపినట్టు ఉంది అనింది. ఏడోదానికి మిషను బిగుసుకుపోయింది. పడిపోలేదు, ఏ మాటా చెప్పలేదు. ఊరికే నిలిచిపోయింది.

అర్ధరాత్రి దాటినాక కారణం దొరికింది. ఇద్దరు ఒకేసారి ఒక చోటును ముట్టుకోకుండా డ్రైవర్ తాళం వేసుకుంటుంది, పని అయినాక తీస్తుంది. మెమరీ లేదన్నప్పుడు వెనక్కి తిరిగే దారిలో ఆ తాళం తీసే వరుస రాయలేదు. తాళం వేసినవాడు అట్లాగే వెళ్ళిపోయినాడు. తర్వాత వచ్చినవాడు తాళం ఎప్పుడు తీస్తారా అని వాకిట్లో నిలబడినాడు. వాడి వెనక ఇంకొకడు. ఎవరూ వచ్చి తీసేది లేదు.

"ఎవరు రాసినారు పాపా దీన్ని?"

"నేనే నాయనా. రెండేళ్ళయింది."

రెండేళ్ళుగా ఆ వరుసలు అట్లాగే ఉన్నాయి. ఆఫీసులో నలుగురు చదివి బాగుంది అన్నవే. చదివితే బాగానే ఉంటుంది. నడిస్తేనే తెలిసేది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వాకిట్లో నిలబడిన మనిషి అనగానే ఒక మొఖం గుర్తొచ్చింది. పాతికేళ్ళకు పైగా మేము ఎవరికీ చెప్పని సంగతి. ఇప్పుడు చెప్తాం.

మేము పని చేసింది తమిళనాడులో ఒక డివిజన్ ఆఫీసు సెటిల్‌మెంట్ సెక్షన్లో. రిటైరైన వాళ్ళకీ, సర్వీసులో ఉండగా చనిపోయిన వాళ్ళ కుటుంబాలకీ రావలసిన పి.ఎఫ్., గ్రాట్యుటీ, పింఛను లెక్క కట్టి పంపే చోటు. రిటైర్మెంటు ఫైళ్ళు రోజూ చేసేవే. చావు కేసులూ మాకు కొత్త కాదు. ఏ కాగితం తర్వాత ఏ కాగితం అని వేళ్ళకే తెలుసు.

1990ల నడిమిలో ఒక గ్యాంగ్‌మ్యాన్ ఇంటావిడ వచ్చింది. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి ఊరు, మన తెలుగు మాట్లాడే మనిషే. ఆయన ఒక సాయంత్రం ఇంట్లోంచి పోయి మళ్ళీ రాలేదు. డ్యూటీకీ పోలేదు. ఎక్కడ వెతికినా జాడ లేదు. అప్పటికి ఏడాది దాటింది. ఇద్దరు ఆడపిల్లలు.

మా దగ్గర కాగితాల జాబితా ఒకటి ఉంది. మొదటి వరుస, మరణ ధ్రువపత్రం. "సర్టిఫికెట్ తీసుకురామ్మా" అన్నాం.

"చచ్చిపోయినాడని ఎవరు ఇస్తారయ్యా? ఇయ్యమని నేనెట్లా అడిగేది?" అనింది.

మా దగ్గర జవాబు లేదు. ఆయన పని చేసిన ఇంజనీరింగు విభాగానికి పంపినాం. వాళ్ళ దగ్గర ఆయన సెలవు లేకుండా డ్యూటీకి రాని మనిషి. ఆ దారి వాళ్ళకు బాగా తెలిసిన దారి. ఇంటి అడ్రసుకి చార్జిషీటు పోయింది, తీసుకునే మనిషి లేక తిరిగొచ్చింది. తర్వాతి మెట్టు ఉద్యోగం నుంచి తీసివేత. అదే జరిగి ఉంటే పింఛను మాటే లేదు. ఆమె పోలీసుల దగ్గరికి పోతే, మొగుడు అలిగి పోయి ఉంటాడు, వస్తాడులే అని ఫిర్యాదు కాగితం మీద రాసుకోలేదు. మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. మళ్ళీ మేము సర్టిఫికెట్ అన్నాం.

కనపడకుండా పోయిన ఉద్యోగుల కుటుంబాలకు ఏం చేయాలని ఆర్డరు లేకనా? ఉంది. 1986లోనే వచ్చింది. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి, వెతికినా దొరకలేదని వాళ్ళ రిపోర్టు రావాలి, అప్పటి లెక్కలో ఏడాది గడవాలి, ఒకవేళ మనిషి తిరిగొస్తే డబ్బు కట్టేస్తామని బాండు రాయాలి. అంతే. అప్పుడు కుటుంబ పింఛను ఇవ్వొచ్చు. ఆ కాగితం మా బీరువాలో గార్డు ఫైల్లో నెంబరు వేసి కుట్టి ఉంది. వచ్చిన రోజున అందరం చదివి ఇనీషియల్ పెట్టినవాళ్ళమే. కానీ మా సెక్షన్లో ఒక్కసారి కూడా ఆ ఆర్డరు మీద కేసు నడవలేదు. దాని పేరు మా జాబితాలో ఎక్కలేదు. మేము చేసిన ప్రతి ఫైలూ మరణ ధ్రువపత్రం అనే వరుస మీదుగానే పోయింది. ఆ వరుస లేని మనిషి వస్తే ఎటు తిప్పాలో ఎవరికీ చేతికి రాలేదు.

ఆమె ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. బెంచీ మీద కూర్చునేది, సంచిలోంచి అన్నం తీసి తినేది, సాయంత్రం రైలుకి పోయేది. చివరికి వేరే డివిజన్ నుంచి బదిలీ మీద ఒక సూపరింటెండెంటు వచ్చినారు. అట్లాంటి కేసు ఒకటి ఆయన అక్కడ చేసి ఉన్నారు. ఒక పూటలో గార్డు ఫైలు తీసి, పోలీసులకు ఉత్తరం రాయించి, ఇంజనీరింగు విభాగానికి ఆపమని నోట్ పంపినారు. పింఛను వచ్చింది. ఆమె మొదట మా గుమ్మం ఎక్కిన నాటి నుంచి మూడో ఏట. మొదటి నెల డబ్బు చేతికొచ్చేసరికి పెద్దపిల్ల బడి మానేసి రెండేళ్ళు, అగ్గిపెట్టెల పనికి పోతా ఉంది. మళ్ళీ బడికి పోలేదు.

మేము అని రాస్తే తప్పు నలుగురికి పంచినట్టు ఉంటుంది. ఆ ఫైలు మాత్రం ఈ రాసే చేతి టేబుల్ మీదే ఉండింది. ఆర్డరు చదివి ఇనీషియల్ పెట్టిందీ ఈ చెయ్యే.

మేము మనసు చెడ్డవాళ్ళం కాదు. లంచం అడగలేదు, ఆమెను కసురుకోలేదు, టీ కూడా ఇప్పించినాం. అందుకే ఇది ఇన్నేళ్ళు అర్థం కాలేదు. మంచివాళ్ళే ఉన్నా, మంచి ఆర్డరే ఉన్నా, ఆ దారిలో ముందు ఎవరూ నడవకపోతే అక్కరకొచ్చిన రోజు అది దారి కాదు. మా అమ్మాయి స్క్రీను మీద సున్నా చూసినప్పుడు మాకు తెలిసింది అది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. వరుస నీలమైందంటే నడిచింది అని మాత్రమే, సరిగ్గా నడిచింది అని కాదు. అమ్మాయి ఇది పదేపదే చెప్పింది. జవాబు సరిచూడని టెస్టు రాసి ఊరికే రంగు మార్చొచ్చు. మాకు ఇది తెలియని విద్య కాదు. జనరల్ మేనేజర్ వార్షిక ఇన్‌స్పెక్షన్ వస్తే వారం ముందు నుంచి రిజిస్టర్లలో టిక్కులు పెట్టినవాళ్ళం. అందుకని నూటికి నూరు అనే అంకె కోసం పరుగెత్తకూడదు. ఎర్రగా ఉన్నవి చూసి, వీటిలో ఏది చెడిపోతే ఎవరికి దెబ్బ అని అడగాలి.

ఈ లెక్కను టెస్టుకు దారి చూపేందుకు కూడా వాడతారు. గూగుల్లో పని చేసిన దిమిత్రీ వ్యూకోవ్ అనే ఆయన రాసిన కేకావ్ అనేది 2016లో లినక్స్ 4.6లో చేరింది. ఒక కోరిక కెర్నల్‌కి పంపితే అది ఏయే చోట్ల మీదుగా పోయిందో చెప్తుంది. దాన్ని పట్టుకొని సిజ్‌కాలర్ అనే ప్రోగ్రాము రాత్రింబవళ్ళు చిత్రచిత్రమైన కోరికలు పంపుతుంది. ఏదన్నా కొత్త చోటుకి చేరితే ఆ కోరికను దాచుకొని, దాన్నే కొంచెం మార్చి మళ్ళీ పంపుతుంది. పరికరాలు తమంతట తాము పిలిచే ఇంటరప్టులను కేకావ్ మామూలుగా లెక్కలోకి తీసుకోదు, అవి ఈ కోరిక వల్ల వచ్చినవి కావు కాబట్టి. తర్వాతి కాలంలో వెనక పని చేసే దారాలనూ లెక్కలోకి తెచ్చి యూఎస్‌బీ డ్రైవర్లను పరీక్షించినారు. ఇట్లా వేల తప్పులు బయటపడినాయి. ఎవరూ పోని చోటుకే వెతుక్కుంటా పోవడం దాని పని.

అమ్మాయి బెంగళూరు పోయినాక ఇల్లు బోసిపోయింది. ఒక శనివారం మేమిద్దరం ఒక పని పెట్టుకున్నాం. మాలో ఒకరు లేనట్టు ఇంకొకరు అన్నీ నడిపి చూడాలి. మా ఇంటావిడ మొదట ఒప్పుకోలేదు, శనివారం పూట అపశకునం మాటలెందుకు అనింది. తర్వాత తనే, "సరే, నేను వెతుకుతా. మీరు అరుగు మీద కూర్చోండి. లేని మనిషి నోరు తెరవకూడదు" అనింది.

అరుగు మీద కూర్చొని వింటా ఉంటే కష్టంగా ఉండింది. పి.పి.ఓ. నకలు ఏ పెట్టెలో ఉందో ఆమెకు తెలీదు. ఏ బ్యాంకు శాఖలో ఏ కాగితం ఇవ్వాలో తెలీదు. ప్రతి నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చేది తెలుసు గానీ, తన పేరు మీదికి పింఛను మారేటప్పుడు ఏమివ్వాలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గంట తర్వాత పి.పి.ఓ. దొరికింది. దాన్నీ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి గట్టిగా పిలిచింది, "నోరు తెరవండి, ఇది చూడండి" అని.

ఆధార్‌లో గోవిందమ్మ. పి.పి.ఓ.లో కోవిందమ్మాళ్. తమిళంలో రాసిన పేరును చూసి ఏ గుమాస్తానో ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు గ కాస్తా క అయింది, చివర ఆళ్ చేరింది. ముందున్న ఇనీషియల్ ఒకదాంట్లో ఆమె నాయనది, ఇంకోదాంట్లో మొగుడిది. పుట్టింటి ఇంటిపేరు రెంటిలోనూ లేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల పి.పి.ఓ.లు సరిచూసిన ఇంట్లో ఇది సంగతి.

దిద్దుబాటుకి దరఖాస్తు పెట్టినాం. నాలుగు నెలలు పట్టింది, వచ్చింది. సంతకం పెట్టేందుకు మనిషి బతికి ఉన్నాడు కాబట్టి నాలుగు నెలలు. లేకపోతే ఆమె ఏ బెంచీ మీద ఎన్నాళ్ళు కూర్చునేదో. మీ ఇళ్ళల్లో కూడా ఈ క, గ, ట, డ తేడాలు ఉంటాయి. ఈ వారమే తీసి చూడండి.

ఇప్పుడు మన పుస్తకం సంగతి. మేము పాత నియమాల పుస్తకం తీసుకొని ఒక నీలం పెన్సిలుతో కూర్చున్నాం. ఇన్నేళ్ళలో నిజంగా ఒక్కసారైనా వాడిన నియమానికి నీలం గీత. సభ్యత్వం, చందా, వార్షిక సభ, సన్మానం, పిల్లల బహుమతులు అన్నీ నీలమే. సహాయం ఇచ్చే భాగంలో మూడే నీలం. కొత్త పుస్తకంలో ఆ భాగమే పెద్దది చేసినాం. నామినీ ముందే పోతే ఏం చేయాలి? భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి పోయి చిన్నపిల్లలు మిగిలితే డబ్బు ఎవరి చేతికి? సభ్యుడు కనపడకుండా పోతే? కొడుకు మహారాష్ట్రలోనో ఒడిశాలోనో ఉండి, అక్కడి భాషలో కాగితం తెస్తే చదివేదెవరు? కోశాధికారే ఆసుపత్రిలో ఉంటే చెక్కు మీద రెండో సంతకం ఎవరిది? అన్నిటికీ పుస్తకంలో మంచి మాటలు ఉన్నాయి. రాసినవాళ్ళను తప్పు పట్టడం లేదు, మేమూ కమిటీలో ఉన్నవాళ్ళమే. కానీ ఇవన్నీ సున్నా వరుసలు.

మేము అడిగేది చిన్నది. అచ్చుకి ముందు నాలుగు ఆదివారాలు ఇవ్వండి. గీత పడని ఒక్కొక్క నియమానికీ ఒక ఉత్తుత్తి దరఖాస్తు తయారు చేద్దాం. కాగితం నిజంగా కార్యదర్శికి పోవాలి, ఆయన నిజంగా కోశాధికారికి పంపాలి, చెక్కు రాసే దాకా నడవాలి. ఎక్కడ నిలిచిపోయిందో పక్కన తేదీ వేసి రాసుకుందాం. చెక్కు వచ్చిందా అని మాత్రమే కాదు, సరైన మనిషి పేరు మీద, ఎన్ని రోజుల్లో వచ్చింది అని కూడా చూద్దాం. నిలిచిన చోట నియమం దిద్దుదాం. సంవత్సరానికి ఒకసారి ఇట్లాగే చేద్దాం. మనుషులు మారతారు, బ్యాంకు పద్ధతులు మారతాయి, పోయిన ఏడు నీలమైన వరుస ఈ ఏడు మళ్ళీ ఎర్రబడొచ్చు.

మన పెద్దలు తరాల ముందు ఈ నేలకి వచ్చినప్పుడు సంఘమూ లేదు, నిధీ లేదు. ఇప్పుడు ఉన్నాయి. ఒక ఇంట్లో దీపం ఆరిన రోజు, ఆ ఇంటివాళ్ళు మన ఆఫీసు బెంచీ మీద కూర్చొని ఉండగా మనం పుస్తకం మొదటిసారి తెరిచి చదువుకోకూడదు. మీటింగులో చెప్పాలనుకున్నది ఇదే.

వచ్చే మీటింగుకి నీలం పెన్సిళ్ళు ఒక డజను మేమే తెస్తాం. మొదటి దరఖాస్తు మా ఇంటావిడ రాసి పెట్టేసింది, తెలుగులోనే. చనిపోయిన సభ్యుని పేరు అనే చోట మా పేరే ఉంటుంది. ఎవరూ కంగారు పడి ఫోను చేయొద్దు.